ఫెర్క్ ఎన్‌ఫోర్స్‌మెంట్‌లో లాయర్ ఉద్యోగం: చేసినవాళ్లెవరైనా ఉన్నారా?

వసుధ_హ్యూస్టన్ అడిగారు:

అందరికీ నమస్తే. హ్యూస్టన్‌లో ఒక లా ఫర్మ్‌లో ఐదేళ్లుగా చేస్తున్నాను. పైప్‌లైన్ టారిఫ్‌లు, గ్యాస్ కాంట్రాక్టులు, అదే పని. వాషింగ్టన్‌లో ఫెర్క్, అంటే గ్యాస్, కరెంటు మార్కెట్ల మీద నిఘా పెట్టే ఫెడరల్ ఎనర్జీ రెగ్యులేటరీ కమిషన్‌లో, ఎన్‌ఫోర్స్‌మెంట్ ఇన్వెస్టిగేషన్స్ వైపు అప్లై చేద్దామని ఉంది. రోజూ ఏం పని ఉంటుంది? కోర్టుకి వెళ్తారా? నాకు లెక్కలంటే చిన్నప్పటి నుంచీ భయం, అది అడ్డమా? మా ఆయనేమో "ఇంత అనుభవం పెట్టుకుని జీతం తగ్గించుకుని వెళ్తావా" అంటున్నారు. చేసినవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి.

గ్యాస్‌డెస్క్:

నేను అవతలి గట్టు మనిషిని, ఒక గ్యాస్ ట్రేడింగ్ కంపెనీలో కంప్లయన్స్, అంటే మావాళ్లు రూల్స్ తప్పకుండా, చూస్తాను. ఫెర్క్ నుంచి రికార్డులు పంపమని డేటా రిక్వెస్ట్ వచ్చిన రోజు మా ఫ్లోర్‌లో ఎవరికీ అన్నం సహించదు. మా కుర్రాళ్లు చాట్‌లో జోకులేయడం మానేసింది కూడా వాళ్ల పుణ్యమే. మీరు ఆ వైపు వెళ్తే ఒక్కటి గుర్తుపెట్టుకోండి: నష్టానికి అమ్మినవాడల్లా దొంగ కాదు.

పాతఫైలు:

వసుధ గారూ, అక్కడ ఏడేళ్లు చేసి రెండేళ్ల కిందట బయటికొచ్చాను. కేసుల పేర్లు మాత్రం అడక్కండి. ఇన్వెస్టిగేషన్లు నాన్‌పబ్లిక్, ఉద్యోగం మానేసినా నోటికి తాళం ఉండాల్సిందే. ఇక్కడ నేను పేరుతో చెప్పేవన్నీ పబ్లిక్ రికార్డులో ఉన్నవే.

కోర్టు సంగతి ముందు చెప్తాను. నల్లకోటు సినిమా ఊహించుకుని వస్తే నిరాశే. ఏడేళ్లలో నేను ఫెడరల్ జడ్జి ముందు నిలబడింది రెండుసార్లు, రెండోసారి నోరు తెరిచే అవసరమే రాలేదు. మిగతాదంతా చదవడమే: చాట్‌లు, ఫోన్ రికార్డింగులు, ట్రేడ్ డేటా. ఆ తర్వాత ట్రేడర్‌ని కూర్చోబెట్టి ప్రమాణం చేయించి వాంగ్మూలం తీసుకోవడం. మన ఉద్యోగానికి అసలు రుచి అక్కడే.

2000-01లో కాలిఫోర్నియా కరెంటు సంక్షోభం, ఎన్రాన్ కంపెనీ మోసాల గొడవ చూశాక 2005లో కాంగ్రెస్ ఎనర్జీ పాలసీ చట్టం తెచ్చి, మార్కెట్‌ని మోసగించేవాళ్ల మీద రోజుకి, ఉల్లంఘనకి 10 లక్షల డాలర్ల దాకా పెనాల్టీ వేసే అధికారం ఫెర్క్‌కి ఇచ్చింది. ద్రవ్యోల్బణం లెక్కతో అది ఇప్పుడు 15 లక్షలు దాటింది. రూలేమో షేర్ మార్కెట్ మోసాల రూలుకి తమ్ముడు, అందుకే కేసంతా ఉద్దేశం చుట్టూ తిరుగుతుంది. ఒకడు హబ్‌లో, అంటే పైప్‌లైన్లు కలిసే చోట, గ్యాస్‌ని కావాలని చవగ్గా అమ్మి రోజుకి వేలల్లో పోగొట్టుకుంటాడు. ఆ అమ్మకాలతో ఇండెక్స్, అంటే అక్కడి అమ్మకాల సగటు ధర, కిందికి దిగితే, అది పడుతుందని కట్టిన స్వాప్ అనే పందెంలో లక్షల్లో వస్తుంది. పోగొట్టుకున్నది కనిపిస్తుంది. ఎందుకు పోగొట్టుకున్నాడన్నది మనం తేల్చాలి.

ఒకటి చెప్తాను, గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను. ఒక ట్రేడర్ వరసగా పదకొండు రోజులు పొద్దున్నే పక్కవాళ్లకన్నా తక్కువకి అమ్మాడు. మా అనలిస్టు స్క్రీన్ మీద అతని ట్రేడ్‌ల ఎర్ర చుక్కలన్నీ ఒక మూలకి చేరాయి. ఇండెక్స్ పడితే లాభమొచ్చే పందెం కూడా ఉంది. పైగా చాట్‌లో "ఇవాళ కూడా హిట్ చేద్దాం" అని ఉంది. దొరికాడనుకున్నాం. ఆ ఒక్క మాట మీద వాంగ్మూలంలో రెండు గంటలు అడిగాను. అతను ఓపిగ్గా చెప్పాడు: హిట్ అంటే ఎదుటివాడు ఇస్తానన్న ధరకి అమ్మేయడం, అంతే. తర్వాత పైప్‌లైన్ వాళ్ల నోటీసు బోర్డులో పాత ప్రకటన ఒకటి బయటపడింది. స్టోరేజీ మరమ్మతు, ఫలానా తేదీలోపు గ్యాస్ ఖాళీ చేయాలని. పదకొండు రోజులూ సరిగ్గా దానికి ముందువే. ఎనిమిది నెలల పని, ఫైలు మూసేశాం. ఇంటికొచ్చి మా ఆవిడతో కూడా చెప్పుకోలేకపోయాను. గ్యాస్‌డెస్క్ గారి మాటకి నా ఓటు కూడా.

గెలిచినా చేతికందడం ఆలస్యమే. బార్‌క్లేస్ బ్యాంకు మీద 2013లో కరెంటు మార్కెట్ కేసులో 43.5 కోట్ల డాలర్ల పెనాల్టీ, పైగా దాదాపు 3.5 కోట్ల లాభం తిరిగి కట్టమని ఆర్డరు. వాళ్లు కట్టలేదు, కమిషన్ కాలిఫోర్నియాలో ఫెడరల్ కోర్టుకెక్కింది. కరెంటు కేసుల్లో అక్కడ అన్నీ మొదట్నుంచి మళ్లీ చూస్తారు. 2017లో మొత్తం 10.5 కోట్లకి సెటిలైంది. అదే 2013లో జేపీ మోర్గాన్ 41 కోట్లకి ఒప్పేసుకుంది, కోర్టు దాకా రానేలేదు.

గ్యాస్‌కి దారి వేరు, ఫెర్క్ లోపలి జడ్జి ముందు విచారణ జరుగుతుంది. కానీ 2024లో జార్కెసీ కేసులో సుప్రీంకోర్టు ఎస్ఈసీ (షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ) మోసం పెనాల్టీలకి జ్యూరీ ఉండాలన్నాక ఆ దారి మీద సవాళ్లు ఊపందుకున్నాయి. మీరు చేరేనాటికి కోర్టు పని పెరిగినా ఆశ్చర్యం లేదు.

పరిధి తగాదాలకైతే అంతు లేదు. ఆమరంత్ అనే హెడ్జ్ ఫండ్ ట్రేడర్ మీద వేసిన 3 కోట్ల డాలర్ల పెనాల్టీని 2013లో డీసీ సర్క్యూట్ అప్పీల్ కోర్టు కొట్టేసింది, ఫ్యూచర్స్ మార్కెట్ సీఎఫ్‌టీసీ అనే వేరే నియంత్రణ సంస్థ సొంతమని. 2008లో హ్యూస్టన్ షిప్ ఛానల్ గ్యాస్ మీద బీపీ కేసు 2022లో ఐదో సర్క్యూట్ అప్పీల్ కోర్టులో, రాష్ట్రం లోపలి అమ్మకాలు ఫెర్క్ పరిధి కాదనిపించుకుంది. మీ టారిఫ్ అనుభవం ఇక్కడే పనికొస్తుంది, ఇంటర్వ్యూలో మొహమాటపడకుండా చెప్పండి.

లెక్కల భయం పెట్టుకోకండి. పక్కన ఆర్థికవేత్తలు, అనలిస్టులు ఉంటారు. మీకు గ్రాఫ్ గీయడం రానక్కర్లేదు గానీ, "ఈ చుక్క ఇక్కడెందుకుంది" అని సిగ్గుపడకుండా అడగడం రావాలి. నేను మొదటి ఏడాది అర్థమైనట్టు తలాడించి చాలా టైం పాడుచేశాను.

జీతం తగ్గుతుంది, మీ ఆయన మాట నిజమే. 2025లో వాషింగ్టన్ పరిధిలో జీఎస్-15 అనే పై గ్రేడు జీతానికి సీలింగ్ ఏడాదికి 1,95,200 డాలర్లు, మొదట్లోనే అంత రాదు. ఫెడరల్ స్టూడెంట్ లోన్లు మిగిలుంటే, అర్హమైన పదేళ్ల వాయిదాల తర్వాత మాఫీ ఉంది. టెక్సస్ బార్ లైసెన్స్ చాలు, డీసీ బార్ అక్కర్లేదు.

వసుధ_హ్యూస్టన్:

చాలా థాంక్సండీ. ఒక్క డౌట్. మా ఆయనకి ఒక కరెంటు కంపెనీ షేర్లున్నాయి, కొని పన్నెండేళ్లయింది. ఇబ్బందా?

పాతఫైలు:

ఇబ్బందే. ఫెర్క్ ఉద్యోగులకి నిషేధించిన షేర్ల జాబితాలో ఉన్న కంపెనీవైతే భార్యాభర్తల్లో ఎవరి పేరు మీదున్నా వదులుకోవాలి. కాకపోతే కంగారుపడి ముందే అమ్మేయకండి. చేరాక ఎథిక్స్ ఆఫీసు ద్వారా డైవెస్టిచర్ సర్టిఫికెట్, అంటే ఉద్యోగం కోసం అమ్మాల్సి వచ్చిందని రాసిచ్చే పత్రం, అడగండి. అది చేతికొచ్చాక అమ్మి, ఆ డబ్బు అనుమతించిన ఫండ్‌లో పెడితే లాభం మీద పన్ను వాయిదా పడుతుంది. అమ్మేశాక అడిగితే ఇవ్వరు.

వసుధ_హ్యూస్టన్:

అయితే జీతం సంగతి తర్వాత. ఇవాళ రాత్రి ముందు షేర్ల విషయం మాట్లాడతాను.