మంట లేదు, జ్వరం లేదు. అయినా యాంటీబయాటిక్ వేసుకోవాలా?

ఐదో నెల:
మామూలు పరీక్షలతో పాటు యూరిన్ కల్చర్ (మూత్రంలోని బ్యాక్టీరియాను పెంచి చూసే పరీక్ష) కూడా చేయించారు. మిల్లీలీటరుకు లక్షకు పైగా ఈ.కోలి అనే బ్యాక్టీరియా కాలనీలు ఉన్నాయని రిపోర్టు వచ్చింది. డాక్టరు గారు ఏడు రోజులకు నైట్రోఫ్యూరంటోయిన్ అనే యాంటీబయాటిక్ రాశారు. నాకు మంట, జ్వరం, నొప్పి ఏవీ లేవు. మాటిమాటికీ మూత్రానికి వెళ్తున్నాను, అది గర్భిణులందరికీ ఉండేదే కదా. ఏ బాధా లేనప్పుడు మందు మింగాలా?

వేపచెట్టు:
అక్కర్లేదనే నా వాదన. 2015లో నెదర్లాండ్స్ అధ్యయనం ఒకటి వచ్చింది. ఇలా లక్షణాలు లేకుండా బ్యాక్టీరియా ఉండి, మందు వాడని 208 మంది గర్భిణుల్లో కిడ్నీకి ఇన్ఫెక్షన్ పాకింది ఐదుగురికే. నెలలు నిండకముందే కాన్పులు పెరిగిన దాఖలా కూడా కనబడలేదు. పాత పుస్తకాలు చెప్పిన 20, 30 శాతం ఎక్కడ, ఈ 2.4 శాతం ఎక్కడ?

వార్డు అక్క:
వేపచెట్టు గారూ, లెక్క సగంలో ఆపేశారు. అదే అధ్యయనంలో బ్యాక్టీరియా లేనివారిలో కిడ్నీ ఇన్ఫెక్షన్ 0.6 శాతమే. అంటే నాలుగు రెట్ల తేడా. పైగా కవలలు ఉన్నవారిని, ముందు నుంచే షుగర్ ఉన్నవారిని అందులో చేర్చుకోలేదు. అందరికీ ఆ లెక్కే వర్తిస్తుందని ఎలా అంటారు?

గర్భం లేని ఆరోగ్యవంతురాలికి ఇదే రిపోర్టు వస్తే మందు ఇవ్వరు, నిజమే. గర్భంలో సంగతి వేరు. ప్రొజెస్టిరాన్ అనే హార్మోను వల్ల కిడ్నీల నుంచి కిందికి వచ్చే మూత్రనాళాలు వదులవుతాయి, పెరిగే గర్భసంచి వాటిని నొక్కుతుంది, కుడివైపు మరీ ఎక్కువగా. మూత్రం కిందికి దిగకుండా నిలుస్తుంది. నిలిచిన చోట బ్యాక్టీరియా పైకి ఎక్కడం తేలిక. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016 మార్గదర్శకాలు కూడా ఏడు రోజుల కోర్సే చెబుతున్నాయి.

వేపచెట్టు:
సరే, కల్చర్ చేసి ఇస్తే ఒప్పుకుంటాను. మామూలు మూత్ర పరీక్షలో నాలుగు చీము కణాలు కనబడగానే మందు రాసేస్తారే, నా కోపం అక్కడ.

వార్డు అక్క:
అందులో మీతో పేచీ లేదు. శాంపిల్ సరిగా పట్టకపోయినా ఇదే తంటా. ముందు నుంచి వెనక్కి కడుక్కుని, మొదటి ధార వదిలేసి, మధ్య ధార పట్టాలి. డబ్బా లోపలి అంచుకు వేలు తగలకూడదు. గంటల తరబడి బయట ఉంచితే డబ్బాలోనే బ్యాక్టీరియా పెరిగిపోతుంది. అప్పుడు వచ్చే అంకె మీది కాదు, డబ్బాది.

ఇద్దరు పిల్లల తల్లి:
మీ అధ్యయనాల సంగతి నాకు తెలియదు. మా చెల్లెలికి ఏడో నెలలో ఒక రాత్రి వణుకుతో జ్వరం వచ్చింది, కుడి డొక్కలో పోటు. బిడ్డ తిరిగిందేమోలే అన్నారు ఇంట్లో. తెల్లారేసరికి వాంతులు, మాత్ర కడుపులో నిలవలేదు. ఆసుపత్రిలో చేర్చి సెలైన్‌తో యాంటీబయాటిక్ ఎక్కించారు. అంతకుముందు మంట అన్న మాటే ఆమె నోట రాలేదు.

ఐదో నెల:
అక్కా, భయపెట్టేశారు. మరి ఏది మామూలు, ఏది కాదు?

వార్డు అక్క:
ఎక్కువసార్లు వెళ్లడం ఒక్కటే ఉంటే కంగారు వద్దమ్మా. మంట, రక్తం, వెళ్లిన వెంటనే మళ్లీ వెళ్లాలనిపించడం ఉంటే ఆ రోజే చూపించాలి. జ్వరం, వణుకు, డొక్కలో నొప్పి, వాంతులు, పొట్ట ఆగి ఆగి బిగుసుకోవడం ఉంటే అర్ధరాత్రయినా బయల్దేరాలి. ఆపుకోలేకుండా నీళ్లలా కారితే అది ఉమ్మనీరు కావచ్చు, మూత్రమే అనుకుని కూర్చోకండి. మూడో, నాలుగో నెలలో అసలు మూత్రమే రాకపోతే అదీ అత్యవసరమే.

మీకు రాసిన మందు ఐదో నెలలో సాధారణంగా వాడేదే. కాన్పు దగ్గరపడ్డాక మానేస్తారు, పుట్టిన బిడ్డలో ఎర్ర రక్తకణాలు చితికే ప్రమాదం ఉంది కనుక. జీ6పీడీ లోపం (ఎర్ర రక్తకణాలను కాపాడే ఎంజైము పుట్టుకతోనే తక్కువగా ఉండటం) ఉంటే మాత్రం ముందే డాక్టరుకు చెప్పండి. భోజనంతో వేసుకుంటే వికారం తక్కువ.

వేపచెట్టు:
కోర్సు అయ్యాక మళ్లీ కల్చర్ చేయించమన్నారా? పోయిందో లేదో చూడకుండా మందు వాడి లాభమేమిటి?

ఐదో నెల:
చీటీలో అది లేదండీ. రేపు ఫోను చేసి అడుగుతాను. మొదటి మాత్ర మాత్రం ఈ రాత్రి భోజనంతో వేసుకుంటున్నాను.