గ్లూటెన్ పడనివాళ్లు సెట్ మెనూ రెస్టారెంట్లకు వెళ్లకూడదా?

బెజవాడ_ప్రయాణం: ఆఫీసు పని మీద బెంగళూరు వెళ్తే ఇందిరానగర్‌లో నాకు బాగా ఇష్టమైన రెస్టారెంట్ ఒకటుంది, పేరు ఇక్కడ అనవసరం. ఒకదాని తర్వాత ఒకటి వాళ్లే తెచ్చిపెట్టే సెట్ మెనూ. నాకు సీలియాక్ (గోధుమ, బార్లీ లాంటివాటిలో ఉండే గ్లూటెన్ అనే ప్రొటీన్ తింటే పేగులు దెబ్బతినే జబ్బు) అని తేలాక ఈమధ్యే మళ్లీ వెళ్లాను. గోధుమ, మైదా, రవ్వ, బార్లీ ఏదీ పడదని బుక్ చేసేటప్పుడే రాశాను, ‘చూసుకుంటాం మేడమ్’ అన్నారు. తీరా కూర్చున్నాక అందరికీ ఏడు ఐటమ్‌లు, నాకు నాలుగు, అందులో ఒకటి పండ్ల ముక్కలు. బిల్లు మాత్రం అందరితో సమానం! మాతో వచ్చిన ఫ్రెండేమో, ‘నీకంత ఇబ్బంది ఉన్నప్పుడు ఇలాంటి చోటికి రాకూడదు’ అన్నాడు. మీరేమంటారు?

మల్లేశ్వరం_కాఫీ: మీ ఫ్రెండ్ చెప్పిందే కరెక్ట్ అండీ. అలాంటి చోట చెఫ్ ఒక వరుస అనుకుని వండుతాడు, అందులోంచి మూడు తీసేస్తే మిగిలేది అతని వంట కాదు. నీర్ దోసె, అక్కి రొట్టె, రాగి ముద్ద దొరికే ఊళ్లో గోధుమ లేకుండా తినడం అంత కష్టమా?

పొయ్యి_దగ్గర: నేను ఇక్కడే ఒక హోటల్ కిచెన్‌లో పనిచేస్తాను, మాది అనంతపురం. అన్నా, అక్కి రొట్టె అనగానే సేఫ్ అనుకోకండి. అదే పెనం మీద ముందు చపాతీ కాల్చి ఉంటే? మద్దూరు వడలో మైదా, రవ్వ రెండూ ఉంటాయి, అది వేయించిన నూనెలోనే అప్పడం వేస్తే నూనె మరిగినంత మాత్రాన గ్లూటెన్ పోదు. అన్నిటికంటే పెద్ద తంటా ఇంగువ. డబ్బా వెనక చూడండి, చాలా బ్రాండ్లలో గోధుమ పిండి కలిపే ఉంటుంది, అది సాంబారులోనూ బిసిబేళెబాత్‌లోనూ పొద్దున్నే పడిపోతుంది. రాత్రి ఎనిమిదింటికి ఆర్డర్ వచ్చాక అందులోంచి ఎలా తీస్తాం?

ఇంకో మాట కూడా చెప్పాలి. ‘గ్లూటెన్ అసలు పడదు’ అని చెప్పి, చివర్లో పక్కవాళ్ల కేక్ రెండు స్పూన్లు తినేవాళ్లను రోజూ చూస్తాం. వాళ్ల వల్ల నిజంగా జబ్బున్నవాళ్లు చెప్పినా కిచెన్‌లో కొందరు నవ్వుకుంటారు. అది తప్పే, కానీ జరుగుతోంది. మేడమ్, బుకింగ్‌లో రాసిన నోట్ వంటవాడి దాకా వస్తుందన్న గ్యారంటీ లేదు. మధ్యాహ్నం రష్ తగ్గాక, మూడూ నాలుగు మధ్య ఫోన్ చేసి కిచెన్‌లో ఎవరితోనైనా మాట్లాడించమని అడగండి. ఇంగువ ఏ బ్రాండ్ అని అడిగితే అవతలివాళ్లకు మీరు సరదాకి అడగడం లేదని అర్థమైపోతుంది.

లేబుల్_చదువు: రూల్ సంగతి కూడా చెప్తాను. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (మన దేశంలో ఆహార భద్రత చూసే ప్రభుత్వ సంస్థ) 2020 లేబులింగ్ నిబంధనల ప్రకారం రెస్టారెంట్లలో సెంట్రల్ లైసెన్స్ ఉన్నవీ, 10 లేదా అంతకంటే ఎక్కువ చోట్ల బ్రాంచీలున్నవీ మెనూలో అలర్జీ కారకాల వివరాలు ఇవ్వాలి. ఒక్క బ్రాంచితో నడిచే ఖరీదైన రెస్టారెంట్ చాలాసార్లు ఈ లెక్కలోకే రాదు. గ్లూటెన్ లేని ఆహారం అని రాయాలంటే కిలోకి 20 మిల్లీగ్రాములు దాటకూడదు. గోధుమ పిండి ఎగిరే కిచెన్‌లో అది మాటలతో అయ్యే పని కాదు, అందుకే ‘చూసుకుంటాం’ అన్న మాటను నేను అసలు నమ్మను.

మల్లేశ్వరం_కాఫీ: చూశారా, ఇప్పుడు నా మాటే నిలబడింది కదా! ఫుల్ బిల్లు వేయడం అన్యాయం, అది ఒప్పుకుంటాను. కానీ వెళ్లి టెన్షన్ పడుతూ తినడం ఎందుకు?

బెజవాడ_ప్రయాణం: ఎందుకంటే అక్కడి వంట నాకు ఇష్టం కాబట్టి! సీలియాక్‌కి జీవితాంతం గ్లూటెన్ మానడం తప్ప మందు లేదు, అంటే మీ లెక్కన జీవితాంతం నేను మంచి చోట తినకూడదా? ‘మా వల్ల కాదు’ అని ఫోన్‌లోనే చెప్పి ఉంటే హాయిగా రూమ్‌లో పెరుగన్నం తిని పడుకునేదాన్ని. ఒప్పుకుని, సగం పెట్టి, మొత్తం వసూలు చేయడమే నాకు మండింది. పొయ్యి దగ్గర తమ్ముడూ, ఈసారి నువ్వు చెప్పిన టైముకే ఫోన్ చేస్తాను. ఇంగువ గురించి ముందు, బిల్లు గురించి తర్వాత అడుగుతాను.

పొయ్యి_దగ్గర: బిల్లు గురించి మేనేజర్‌ని అడగండక్కా, మమ్మల్ని కాదు 😀