‘జాతి’ అంటే స్పీషీసా, జీనసా? బాక్టీరియా దగ్గర ఈ మాట ఎందుకు తేలడం లేదు

ఒక సైన్సు వ్యాసం తెలుగు చేస్తూ రెండు రోజులుగా ఒకే మాట దగ్గర ఆగిపోయాను, అందుకే ఇక్కడ పెడుతున్నా. వ్యాసం బాక్టీరియాల వర్గీకరణ మీద. మన పాఠ్యపుస్తకాల్లో స్పీషీస్ అంటే జాతి, జీనస్ అంటే ప్రజాతి, ఆ పైన కుటుంబం, క్రమం, తరగతి, వర్గం, రాజ్యం. ఇవన్నీ బట్టీ పట్టినవాళ్ళమే కాబట్టి ఇంతవరకు గొడవ లేదు. మాటల పుట్టుక చూసేసరికి తిరకాసు కనిపించింది.

జాతి ‘జన్’ ధాతువు నుంచి వచ్చింది, పుట్టుక అని. లాటిన్ జీనస్‌కి కూడా అర్థం పుట్టుక, వంశం అనే. ఆ ‘జెన్’, మన ‘జన్’ దాయాదులు కూడాను, ఒకే పాత మూలానివి. అంటే మాటకు మాట పెట్టాలంటే జాతి అన్నది జీనస్‌కి దక్కాలి. స్పీషీస్ ఏమో లాటిన్‌లో ‘చూడటం’ అనే క్రియ నుంచి పుట్టింది, కంటికి కనబడే తీరు, రూపం అని. మనవాళ్ళు రూపం అనే మాటకు పుట్టుక మాట ఇచ్చేసి, అసలు పుట్టుక మాటకు ముందు ‘ప్ర’ తగిలించి సరిపెట్టారు.

నేను చెప్పేదేమిటంటే, సూక్ష్మజీవుల వరకు ఈ తారుమారే మంచిదైంది. జీవుల వర్గీకరణకు పునాది వేసిన లినేయస్ కాలంలో వర్గీకరణంటే చూసి వేరు చేయడం. పూలలో కేసరాలు లెక్కపెట్టొచ్చు, పక్షి ముక్కు కొలవొచ్చు. సూక్ష్మదర్శినిలో కదిలే చుక్కల్ని ఏం చూసి వేరు చేస్తాం? ఆయన వాటిని పురుగుల తరగతిలో పడేసి, 1767 నాటి కూర్పులో ‘కేయాస్’ అనే ప్రజాతి కింద పెట్టాడు. కేయాస్ అంటే గందరగోళం, అంతకంటే నిజాయితీగా పెట్టిన పేరు నేను చూడలేదు. తర్వాత 1872లో ఫెర్డినాండ్ కోన్ ఆకారాన్ని బట్టి గుండ్రనివి, కడ్డీలు, మెలికలు తిరిగినవి అంటూ పంచాడు. 1884లో గ్రామ్ రంగు పరీక్ష వచ్చింది. అదీ చూపే కదా, రంగు నిలిచిందా లేదా అని. చూపు మీద నడిచిన ఆ బండి 1977లో కార్ల్ వోస్, జార్జ్ ఫాక్స్ రైబోసోముల్లోని (కణంలో ప్రోటీన్లు తయారుచేసేవి) ఆర్‌ఎన్‌ఏ వరసలు పోల్చి, ఎవరికి ఎవరు చుట్టమో తేల్చడంతో దారి మార్చింది. అంటే రూపం పోయి పుట్టుక వచ్చింది. మరి జాతి అనే మాటే కదా సరైనది? మీరేమంటారు?

బడిపంతులు: ఇరవై ఏళ్ళుగా ఈ పాఠం చెబుతున్నానండీ, పిల్లలు తప్పు చేసేది సరిగ్గా ఈ రెండు మాటల దగ్గరే. ఏది పెద్దది, ఏది చిన్నది అని ప్రతి ఏడూ అడుగుతారు. హిందీలో మామూలు రాతల్లో ‘ప్రజాతి’ అంటే స్పీషీస్, మనకేమో జీనస్. హిందీ వార్త చూసి తెలుగులో రాసేవాళ్ళు అదే మాట ఎత్తి పెట్టేస్తే ఒక మెట్టు తేడా వచ్చేస్తుంది. కన్నడం వాళ్ళు స్పీషీస్‌ని ‘ప్రభేదం’ అంటారు, వాళ్ళకి ఈ బాధ లేదు.

నిఘంటువు పిచ్చి: ‘ప్ర’ సంగతి నేను చెబుతా మాస్టారూ. పితామహుడు తాత, ప్రపితామహుడు ముత్తాత, ఒక మెట్టు పైకి. ఆ లెక్కన జాతికి పైన ప్రజాతి, బాగానే ఉంది. కానీ పౌత్రుడు మనవడు, ప్రపౌత్రుడు మునిమనవడు, ఇక్కడ ఒక మెట్టు కిందికి! ప్రశిష్యుడంటే శిష్యుడి శిష్యుడు. అంటే ‘ప్ర’ దూరం చెబుతుంది కానీ పైకో కిందికో చెప్పదు. మీ పిల్లలు తికమక పడటంలో తప్పేం లేదు, హిందీ వాళ్ళు కిందికి దిగారు, మనం పైకి ఎక్కాం.

మొదటి పోస్టు పెట్టిన నేనే: ఇది నాకు తట్టనే లేదు, చాలా బాగుంది. ముత్తాత దగ్గరే ఆగిపోయాను.

ల్యాబు మనిషి: మాటల సంగతి మీకే వదిలేస్తా గానీ, ‘పుట్టుక తేల్చింది కాబట్టి జాతి సరైన మాట’ అన్నదానికి నేను అడ్డం పడతా. జంతువుల్లో జాతి అంటే తమలో తాము కలిసి, మళ్ళీ పిల్లల్ని కనగల పిల్లల్ని కనే గుంపు అని చెబుతాం. బాక్టీరియా కలవవు, ఒకటి రెండుగా చీలిపోతుంది అంతే. అందుకని మేం కొలతలు పెట్టుకున్నాం. మీరు చెప్పిన రైబోసోము ఆర్‌ఎన్‌ఏకి సంబంధించిన, సుమారు 1500 డీఎన్‌ఏ అక్షరాల 16ఎస్ జన్యువు 98.7 శాతం కంటే తక్కువ కలిస్తే వేరే జాతి అనుకుంటాం. మొత్తం జన్యువులు పోల్చే వీలుంటే 95 శాతం దగ్గర గీత గీస్తాం. ఇవి మనుషులు గీసుకున్న గీతలు, ప్రకృతి గీసినవి కాదు. ఆ 95 గీతే మనకు పెడితే మనిషీ చింపాంజీ ఒకే జాతి కింద లెక్క, ఎందుకంటే పోల్చగలిగినంత మేర మన డీఎన్‌ఏ దాదాపు 99 శాతం కలుస్తుంది.

ఇంకో సంగతి. మీరు పుట్టుక అంటే తల్లి నుంచి బిడ్డకు అనుకుంటున్నారు. బాక్టీరియాలకు పక్కవాడి నుంచి కూడా జన్యువులు వస్తాయి, ప్లాస్మిడ్‌లనే చిన్న డీఎన్‌ఏ చుట్టల మీద, వైరస్‌ల మీద ఎక్కి. పేగుల్లో ఉండే ఎషరీకియా కోలై అనే బాక్టీరియాలో మూడు స్ట్రెయిన్లను, అంటే ఒకే జాతిలోని మూడు పాయలను, 2002లో పక్కపక్కన పెట్టి చూస్తే, మూడింటి ప్రోటీన్లన్నీ కలిపి లెక్కేసిన దాంట్లో మూడింటికీ ఉమ్మడిగా ఉన్నవి 40 శాతం లోపే. పేరు ఒక్కటే, ఇంటిపేరూ ఒక్కటే, మూడిళ్ళ సామానూ ఒకచోట పోస్తే మాత్రం మూడిళ్ళలోనూ ఉన్నది సగం కూడా లేదు. దీన్ని జాతి అంటారో సంత అంటారో మీ ఇష్టం.

నిఘంటువు పిచ్చి: మరి ‘రకం’ అనేస్తే పోలా? పుట్టుక గొడవా లేదు, చూపు గొడవా లేదు.

బడిపంతులు: రకం వద్దండీ. కుక్కల్లో రకాలున్నాయి, అవన్నీ ఒకే జాతి. నిజానికి మామూలు మాటల్లో ‘కుక్క జాతులు’ అనేస్తాం, అదీ ఇంకో తలనొప్పి. పిల్లలకు రకం అని చెబితే ఆ కాస్త గట్టుమీదున్నదీ గంగపాలవుతుంది.

మొదటి పోస్టు పెట్టిన నేనే: ల్యాబు మనిషి గారూ, పక్కవాడి జన్యువుల మాట ఒప్పుకుంటా. కానీ రైబోసోము ఆర్‌ఎన్‌ఏని కొలబద్దగా ఎంచుకుందే అది ప్రతి కణంలోనూ ఉంటుంది, తేలిగ్గా చేతులు మారదు అని కదా? అంటే సామాను ఎంత మారినా వంశం ఎవరిదో చెప్పే ఆనవాలు ఒకటి మిగిలింది. నేను జాతి అంటున్నది ఆ ఆనవాలుని.

ల్యాబు మనిషి: ఆనవాలు ఉందండీ, కానీ పేరు పెట్టేటప్పుడు అదొక్కటే చూడరు. షిగెల్లా అనే బాక్టీరియా ఉంది, జన్యువుల లెక్కలో అది ఎషరీకియా కోలైలోనే పడుతుంది. అయినా దాన్ని వేరే ప్రజాతిగానే ఉంచారు, ఎందుకంటే రిపోర్టులో షిగెల్లా అని కనిపించగానే డాక్టరుకు రక్త విరేచనాల సంగతి తడుతుంది, పేరు మారిస్తే ప్రమాదం. అంటే అక్కడ పేరుని నిర్ణయించింది రోగం. తిరగేసి చూడండి, లాక్టోబాసిల్లస్ అనే ఒక్క బాక్టీరియా ప్రజాతి 2020లో 25 ముక్కలైంది. ల్యాబులో డబ్బాల మీద లేబుళ్ళు మార్చలేక మేం పడ్డ తిప్పలు ఇక్కడ చెప్పను.

బడిపంతులు: ఇంతకీ డొమైన్‌కి ఏం రాస్తున్నారు? 1990లో రాజ్యాల పైన దాన్ని పెట్టారు, బాక్టీరియా, వాటిలాగే కేంద్రకం లేని ఆర్కియా, కేంద్రకం ఉన్న యూకేరియా అని. మేం డొమైన్ అనే చెప్పేస్తున్నాం.

నిఘంటువు పిచ్చి: రాజ్యాలన్నీ కలిస్తే సామ్రాజ్యమే కదా మాస్టారూ.

బడిపంతులు: వినడానికి బాగుంది, పరీక్ష పేపర్లో వస్తే అశోకుడు అని రాసొస్తారు.

మొదటి పోస్టు పెట్టిన నేనే: డొమైన్ అనే ఉంచా. ఆర్కియాని మాత్రం పాత అలవాటు ప్రకారం ‘పురాతన బాక్టీరియా’ అని రాసి, వెంటనే కొట్టేశా. అవి బాక్టీరియాలు కావు, వంశవృక్షంలో బాక్టీరియాల కంటే మనకే దగ్గర చుట్టాలు. వోస్ వాళ్ళే 1990లో ఆ పేరులోంచి బాక్టీరియా అనే తోకను తీసేశారు, మనం ఇంకా మోస్తున్నాం. ‘నీలి ఆకుపచ్చ శైవలాలు’ కూడా అంతే, అవి శైవలాలు కాదు, బాక్టీరియాలే.

ల్యాబు మనిషి: ఇంకొకటి, మీరు రాసే వ్యాసంలో ‘కేంద్రకపూర్వ జీవులు’ అన్న మాట ఉంటే దాన్ని కూడా ఒకసారి చూడండి. కేంద్రకం లేదు అని చెప్పడానికి ‘పూర్వ’ అనడం వల్ల అవి మనకంటే ముందు మెట్టులో ఆగిపోయినవి అన్నట్టు వినిపిస్తుంది. ఇంగ్లీషు మాట ‘ప్రొకేరియోట్’ మీద కూడా ఇదే తగువు, నార్మన్ పేస్ అనే సూక్ష్మజీవ శాస్త్రవేత్త 2006లో ఆ మాటే వదిలేద్దాం అన్నాడు. లేనిదాన్ని బట్టి గుంపు కట్టడం ఏం వర్గీకరణ అని ఆయన బాధ.

మొదటి పోస్టు పెట్టిన నేనే: ఉంది, మూడు చోట్ల ఉంది. ‘కేంద్రకం లేని కణాలు’ అని మారుస్తా, పొడుగైనా సరే. జాతి జాతిగానే ఉంటుంది, మీ 95 శాతం గీత దాని పక్కనే ఒక వాక్యంలో చెబుతా. ప్రజాతికి మాత్రం మొదటిసారి వచ్చినచోట ‘జాతికి పై మెట్టు’ అని రాస్తున్నా, మునిమనవడి దెబ్బ తిన్నాక ఊరికే వదలబుద్ధి కావడం లేదు.