స్క్రిప్ట్ రైటింగ్, పెర్ఫార్మెన్స్ కలిపి ఉన్న డిగ్రీ: స్టేజ్ భయం ఉన్నోళ్ళు చేరొచ్చా?

ఖాళీపేజీ:

హాయ్ అండి అందరికీ, చాలా రోజుల్నుంచి ఇక్కడ చదువుతూనే ఉన్నా గానీ పోస్ట్ పెట్టడం ఇదే మొదటిసారి, తప్పులుంటే సర్దుకోండి.

విషయం ఏంటంటే యూనివర్సిటీలో రెండు కోర్సుల మధ్య ఊగిసలాడుతున్నా. ఒకటి పూర్తిగా క్రియేటివ్ రైటింగ్, అందులో స్క్రిప్ట్ అనేది రెండో ఏడాది నుంచి ఆప్షనల్. రెండోది స్క్రిప్ట్ రైటింగ్, పెర్ఫార్మెన్స్ సగం సగం. సిలబస్ చూస్తే ఫస్టియర్లో సీన్ రైటింగ్‌తో పాటు వాయిస్, మూవ్‌మెంట్, ఇంప్రోవ్ (అప్పటికప్పుడు కల్పించి నటించడం) అన్నీ కంపల్సరీ, సెకండియర్లో స్టేజ్, రేడియో, స్క్రీన్ మూడింటికీ రాయాలి, లాస్ట్ ఇయర్లో మనం రాసింది వేరేవాళ్ళు వేస్తారు, వేరేవాళ్ళు రాసింది మనం వెయ్యాలి, రెండిటికీ మార్కులే.

నాకు రాయడం ఇష్టం. ఇప్పటికి పదకొండు షార్ట్ స్క్రిప్టులు రాసి పెట్టుకున్నా, ఎవరికీ చూపించలేదు అది వేరే సంగతి. కానీ స్టేజ్ అంటేనే... చిన్నప్పుడు స్కూల్ నాటకంలో నాకు ఉన్నది ఒకే ఒక్క డైలాగ్, "మహారాజా, ఎవరో వచ్చారు" అంతే. అది కూడా మర్చిపోయి బొమ్మలా నిలబడిపోతే చివరికి ఆ మహారాజే "ఎవరో వచ్చినట్టున్నారే" అని కవర్ చేసుకున్నాడు. ఇప్పటికీ చుట్టాలు గుర్తుచేసి నవ్వుతారు.

నా డౌట్లు: యాక్టింగ్ రాకపోతే మార్కులు పోతాయా? అసలు రాసేవాడికి యాక్టింగ్ నేర్చుకుంటే ఏమన్నా ఒరుగుతుందా లేక టైం వేస్టా? తర్వాత ఉద్యోగం సంగతేంటి? అడ్మిషన్‌కి పది పేజీల స్క్రిప్టు, రెండు నిమిషాల మోనోలాగ్ (ఒక్కరే నటించి చెప్పేది) అడుగుతున్నారు. తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

మూడోబెల్లు:

నేను చేసింది అలాంటి కోర్సే, అయిపోయి నాలుగేళ్ళవుతోంది. ముందు ఒక సీన్ చెప్తా, తర్వాత నువ్వే డిసైడ్ చేసుకో.

ఫస్టియర్ రెండో టర్మ్‌లో నేనో ఆరు పేజీల సీన్ రాశా. అన్నదమ్ములిద్దరూ ఇల్లు అమ్మేసే ముందురోజు రాత్రి మాట్లాడుకుంటారు. క్లాసులో పద్ధతి ఏంటంటే రాసినోడు నోరెత్తకూడదు, ఇంకో ఇద్దరు చదువుతారు, మిగతావాళ్ళు వింటారు. నాలుగో పేజీలో తమ్ముడికి తొమ్మిది లైన్ల డైలాగ్ పెట్టా, నువ్వు నన్నెప్పుడూ అర్థం చేసుకోలేదు, నాన్న ఉన్నప్పుడు కూడా అంతే, ఇలా. రాసేటప్పుడు నాకే కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. చదివే అమ్మాయి మూడో లైన్ దగ్గర ఆగిపోయింది. మళ్ళీ మొదలెట్టింది, మళ్ళీ అక్కడే ఆగింది. మా ట్యూటర్ "ఏమైంది" అంటే తను, "సార్, వీడు ఇదంతా ఎందుకు చెప్తున్నాడో తెలీట్లేదు, పై పేజీలో వీడి చేతిలో ఇంటి తాళాలున్నాయి కదా, అవి టేబుల్ మీద పెట్టేసి వెళ్ళిపోతే సరిపోదా" అంది. పెట్టి చూపించింది కూడా. తాళాల గుత్తి ఆ చెక్క టేబుల్ మీద పడిన చప్పుడుకి క్లాసంతా సైలెంట్. నా తొమ్మిది లైన్లూ అక్కడితో గోవిందా.

ఆరోజు ఒళ్ళు మండింది నిజం చెప్పాలంటే. తర్వాత నెలకి నేనే ఇంకొకడి స్క్రిప్టులో యాక్ట్ చేయాల్సొచ్చింది, అప్పుడు తెలిసింది ఆ అమ్మాయి ఎక్కడ ఇరుక్కుందో. లోపల ఏమీ జరక్కుండా నోటితో మాత్రం బాధంతా వర్ణించమంటే శరీరం మొరాయిస్తుంది, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో కూడా అర్థం కాదు. ఇది పుస్తకంలో చదివితే "ఆ సబ్‌టెక్స్ట్, మాటల వెనక దాగిన అర్థం కదా, తెలుసు" అనుకుంటాం. తెలీదు.

ఇదేమీ కొత్త సంగతి కాదు. షేక్‌స్పియర్, ఫ్రెంచ్ నాటక రచయిత మోలియేర్ ఇద్దరూ నటులే. బ్రిటిష్ రచయిత హెరాల్డ్ పింటర్ కూడా నాటకాలు రాయకముందు డేవిడ్ బారన్ అనే పేరుతో ఏళ్ళ తరబడి నాటకాలు వేశాడు. ఆయన స్క్రిప్టుల్లో పాజ్ అని ఒకచోట, సైలెన్స్ అని ఒకచోట ఉంటుంది, రెండూ ఒకటి కాదు. చదివేటప్పుడు దాటేసి పోతాం, వేసేటప్పుడు మాత్రం పాజ్‌లో నువ్వు ఇంకా ఎదుటివాడితో మాట్లాడుతూనే ఉన్నావు, సైలెన్స్‌లో ఏదో అయిపోయింది. మాకు ఆ తేడా పట్టుకోడానికి రెండు వారాలు పట్టింది.

భయం సంగతి ప్రాంప్టర్ గారు బాగా చెప్తారు, ట్యాగ్ చేస్తున్నా.

సూటిమాట:

మూడోబెల్లు బ్రో కథ బాగుంది కానీ నేను ఒప్పుకోను. రష్యన్ నాటక రచయిత చెహోవ్ డాక్టర్ బ్రో, నటుడు కాదు. ఆయన సీగల్ నాటకం 1896లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో వేస్తే జనం గేలి చేశారు, మనిషి ఇక నాటకాలే రాయనన్నాడు. అదే నాటకం 1898లో మాస్కో ఆర్ట్ థియేటర్ వేస్తే పెద్ద హిట్. రెండేళ్ళలో చెహోవ్ వెళ్ళి యాక్టింగ్ కోర్సేం చెయ్యలేదు కదా, మారింది వేసినవాళ్ళు. మొదటిసారి అరకొర రిహార్సల్స్‌తో కానిచ్చేశారు, రెండోసారి ఆ థియేటర్ పెట్టిన స్టానిస్లావ్‌స్కీ, నెమిరోవిచ్ డాంచెంకో కూర్చుని శ్రద్ధగా రిహార్సల్ చేయించారు. అంటే రాసేవాడికి కావాల్సింది మంచి నటులు, తను నటుడు అవ్వడం కాదు.

ఇంకోటి, సగం సగం అంటే సగం సగమే. వారానికి ఎన్ని క్లాసులుంటే అందులో సగం నేల మీద దొర్లడాలు, గాలి గోడ ఎక్కడాలు, అద్దం ఆటలు. నేనూ ఒక టర్మ్ చేసి మారిపోయా. ఆ టైంలో ఇంకో డ్రాఫ్ట్ రాసుకోవచ్చు. రాయడం రాస్తేనే వస్తది.

గ్రూప్ వర్క్ గురించి ఎవరూ చెప్పరు, నేను చెప్తా. ఐదుగురు ఉంటే ఒకడు రిహార్సల్‌కి రాడు, ఒకడు వచ్చి ఫోన్ చూసుకుంటాడు, చివర్న అందరికీ ఒకే మార్కు.

మూడోబెల్లు:

గ్రూప్ వర్క్ సంగతి ఒప్పుకుంటున్నా, అది నరకమే.

కానీ చెహోవ్ ఉదాహరణ నా వైపే పనిచేస్తుంది బ్రో. ఆ తర్వాత ఆయన అదే థియేటర్‌కి, ఆ నటుల్ని మనసులో పెట్టుకునే రాశాడు, వాళ్ళలో ఒకావిణ్ణే పెళ్ళి కూడా చేసుకున్నాడు. డెస్క్ దగ్గర ఒంటరిగా కూర్చుని కాదు. మనలాంటోళ్ళకి మొత్తం థియేటర్ కంపెనీ దొరకదు కదా, యూనివర్సిటీలో ఆ మూడేళ్ళే దొరుకుతుంది, ఫ్రీగా నటులు, ఫ్రీగా రూము, తిట్టడానికి ట్యూటరు.

అమెరికాలో నాటక రచనని యూనివర్సిటీలోకి తెచ్చినవాళ్ళలో ముందు చెప్పుకునే పేరు జార్జ్ పియర్స్ బేకర్. హార్వర్డ్‌లో ఆయన క్లాసు పేరు ఇంగ్లిష్ 47, దానికి అనుబంధంగా 47 వర్క్‌షాప్ అని పెట్టి క్లాసులో రాసినవి స్టేజ్ ఎక్కించేవాడు, చూడ్డానికి వచ్చినవాళ్ళు ఊరికే చప్పట్లు కొట్టి పోకూడదు, అభిప్రాయం రాసి ఇవ్వాలి. తర్వాత పెద్ద నాటక రచయిత అయిన యూజీన్ ఓనీల్ 1914లో ఆ క్లాసులో చేరినవాడే. అంటే రాసింది జనం ముందు నిలబెట్టి చూసుకోవడం అనేది ఈ చదువు మొదట్నుంచీ ఉన్నదే, మధ్యలో ఎవరో తగిలించింది కాదు. గాలి గోడలు నాకూ నచ్చవు, అది వేరే.

ప్రాంప్టర్:

ట్యాగ్ చేసినందుకు థాంక్స్ అండి మూడోబెల్లు. ఖాళీపేజీ గారూ, నేను ఇలాంటి కోర్సులో కొన్నాళ్ళు ట్యుటోరియల్స్ తీసుకున్నా, అడ్మిషన్ స్క్రిప్టులు చదివే పని కూడా చేశా కాబట్టి ఉన్నది ఉన్నట్టు చెప్తున్నా.

భయం. లారెన్స్ ఒలివియర్ పేరు వినే ఉంటారు, బ్రిటన్ నేషనల్ థియేటర్‌కి మొదటి డైరెక్టర్. ఆయనకి యాభై దాటాక, అంత పేరొచ్చాక, 1960ల్లో ఉన్నట్టుండి స్టేజ్ భయం పట్టుకుని ఏళ్ళ తరబడి వదల్లేదు. తోటి నటుల్ని నా కళ్ళల్లోకి చూడకండి అని బతిమాలుకున్నాడు. అలాంటాయనకే అలా ఉంటే మీరు డైలాగ్ మర్చిపోవడం ఏ మూలకండి. పైగా ఈ కోర్సుల్లో మార్కులు ఎంత గొప్పగా నటించారు అన్నదానికి మాత్రమే వెయ్యరు. రిహార్సల్‌కి టైంకి వచ్చారా, ఇచ్చిన నోట్ (సూచన) తీసుకుని రెండోసారి మార్చి చేశారా, లాగ్‌బుక్‌లో (రిహార్సల్స్ గురించి రాసుకునే డైరీ) ఏం గమనించి రాశారు, ఇవన్నీ చూస్తారు. రాసే అలవాటు ఉన్నవాళ్ళు లాగ్‌బుక్‌లో బాగా స్కోర్ చేస్తారు, నిజం. ఏ కాంపొనెంట్‌కి ఎంత శాతం అన్నది మాత్రం మాడ్యూల్ గైడ్ తెరిచి చూసుకోండి, ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది.

టెక్నిక్ మాట ఒకటి. భయం వేసేది నన్ను చూస్తున్నారు అన్న ధ్యాస వల్ల. స్టానిస్లావ్‌స్కీ పద్ధతిలో మొదట నేర్పేది ఈ పాత్రకి ఈ క్షణంలో ఎదుటివాడి నుంచి ఏం కావాలి అని. ఒప్పించాలా, ఆపాలా, దాచాలా, ఒక క్రియ పట్టుకుంటే ధ్యాస మీ మీద నుంచి ఎదుటివాడి మీదకి పోతుంది. మీ "మహారాజా ఎవరో వచ్చారు" ఉంది చూడండి, ఆ భటుడికి ఏం కావాలో ఎవరూ చెప్పి ఉండరు, అక్షరాలు బట్టీ పట్టించి ఉంటారు. వాడు మహారాజుని హెచ్చరిస్తున్నాడా, వచ్చినవాణ్ణి చూసి తనే వణుకుతున్నాడా? అది తెలిస్తే లైన్ మర్చిపోయినా ఏదో ఒకటి నోట్లోంచి వచ్చేది. ఇదే ప్రశ్న రాసేటప్పుడు ప్రతి డైలాగ్‌కీ వేసుకోండి, అక్కడే రెండు చదువులూ కలుస్తాయి.

అడ్మిషన్ స్క్రిప్టు విషయం. స్క్రీన్‌కి రాస్తే కొరియర్ అనే ఫాంట్ 12 పాయింట్ సైజులో, ఆ లెక్కలో పేజీ ఒకటికి సుమారు నిమిషం. దీనికి ఖరీదైన సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, ట్రెల్బీ లాంటివి ఫ్రీగానే దొరుకుతాయి. స్టేజ్ స్క్రిప్టు ఫార్మాట్ వేరు, రేడియో వేరు, రేడియోలో "ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి" అని రాసినవాళ్ళు నాకు ఎంతమంది తగిలారో లెక్కలేదు. పది పేజీలంటే పెద్ద కథలోంచి మొదటి పది పేజీలు కోసి పంపకండి, పదిలో పూర్తయ్యేది పంపండి. పాత్రలు ఇద్దరో ముగ్గురో చాలు. మోనోలాగ్‌కి ఏడుపు, అరుపు ఉన్నవి వద్దు. ప్యానెల్ పొద్దున్నుంచీ ఏడుపులే చూసి ఉంటారు. రెండు నిమిషాలంటే రెండు నిమిషాలే, దాటితే మధ్యలో ఆపేస్తారు.

సూటిమాట:

ప్రాంప్టర్ గారు చెప్పింది బాగుంది, ఇలా చెప్పేవాళ్ళు మాకుంటే నేను మారేవాణ్ణి కాదేమో.

ఉద్యోగాలు ఎవరూ టచ్ చెయ్యలేదు కాబట్టి నేనే. డిగ్రీ చూపిస్తే స్క్రిప్ట్ పని ఎవడూ ఇవ్వడు, రాసింది చూపిస్తే ఇస్తారు. హాలీవుడ్‌లోనే 2023లో రైటర్లు 148 రోజులు స్ట్రైక్ చేశారు, డబ్బులు, స్ట్రీమింగ్ వాటాతో పాటు ఏఐ కూడా ఒక పెద్ద గొడవ. నటులు కూడా అదే ఏడాది 118 రోజులు. అంటే నువ్వు చదవబోయే రెండు పనులూ ఒకేసారి రోడ్డెక్కాయి, అది తెలిసి చేరు. మా బ్యాచ్‌లో కలిపి చదివినవాళ్ళలో ఒకమ్మాయి ఆడియో సిరీస్‌లకి రాస్తూ తనే గొంతిస్తోంది, ఒకడు గేమ్స్‌కి డైలాగులు, ఇద్దరు స్కూల్లో డ్రామా చెప్తున్నారు, మిగతావాళ్ళు వేరే ఉద్యోగం చేస్తూ రాత్రిళ్ళు రాస్తున్నారు. నేను మిగతావాళ్ళలో.

ఖాళీపేజీ:

అందరికీ చాలా చాలా థాంక్స్ అండి. మూడు రోజులు రిప్లై ఇవ్వలేదు ఎందుకంటే ఒక పని చేశా.

ఆ పదకొండులో ఒకటి తీసి మా అక్కకి ఇచ్చా, తను ఒక పాత్ర నేనో పాత్ర చదివాం, ఫోన్‌లో రికార్డ్ పెట్టి. పది పేజీల్లో నేను ఏడుసార్లు ఊపిరందక ఆగా, అక్క రెండుసార్లు నవ్వింది, నవ్వాల్సిన చోట కాదు. ఒకచోట "నిజం చెప్పాలంటే నాకు నీ మీద కోపం లేదు, జాలి ఉంది" అని ఉంది, అక్క దాన్ని చదవకుండా నా వైపు ఊరికే చూసి తర్వాతి లైన్‌కి వెళ్ళిపోయింది. ఎందుకు వదిలేశావే అంటే "చూశాగా" అంది.

తీసేశా ఆ లైన్. కంబైన్డ్ కోర్సుకే అప్లై చేస్తున్నా, భయం అలాగే ఉంది. మోనోలాగ్‌గా నేను రాసుకున్న భటుడి పీస్ చేస్తే ఒప్పుకుంటారా ప్రాంప్టర్ గారూ? మహారాజుకి కబురు చెప్పడానికి వచ్చి గుమ్మం దగ్గరే ఆగిపోయినవాడిది.

ప్రాంప్టర్:

కొన్నిచోట్ల పబ్లిష్ అయిన నాటకంలోంచే కావాలంటారు, నోటీసులో ఆ ముక్క ఉందేమో ముందు చూడండి. లేకపోతే అదే చెయ్యండి. లోపల ఎవరున్నారో మాత్రం మాకు చెప్పొద్దు, మీరు తెలుసుకోండి చాలు.