పొట్టేళ్లను మొదటిసారి కబేళాకు తీసుకెళ్తున్నాం, సలహా కావాలి

అందరికీ నమస్కారం. మాది హోస్కోటె దగ్గర చిన్న తోట. మేము మేపిన 6 పొట్టేళ్లు 30 కిలోలు దాటాయి, బెంగళూరు ట్యానరీ రోడ్డు కబేళాకు తోలాలి. ఇక్కడ అందరూ దళారీకే ఇచ్చేస్తారు. అతను వీపు తడిమి నోటిమాటగా ధర కడతాడు, తూకం ఉండదు. నాలుగు కాళ్లూ కలిపి కట్టి, తల వేలాడుతుండగా ఆటోలో పడేస్తాడు. అది చూశాక నేనే తీసుకెళ్లాలని గట్టిగా అనుకున్నాను. చేత్తో మేత పెట్టిన జీవాలు దారిలో బెదరకూడదు.

జంతువుల రవాణాపై 1978 నాటి నియమాల్లో, గొర్రెలను ఆరు గంటలు దాటే ప్రయాణానికి తీసుకెళ్తే పశువైద్యుడి సర్టిఫికెట్ ఉండాలని, బండిలో 5 సెంటీమీటర్ల మందాన గడ్డి పరవాలని ఉంది. మాది అంత దూరం కాకపోయినా ఈ రెండూ చూసుకుంటాను. చెప్పాల్సింది మిగతావి: టాటా ఏస్ సరిపోతుందా, బొలెరో పికప్ మాట్లాడుకోవాలా? కేఆర్ పురం ట్రాఫిక్‌లో ఇరుక్కోకుండా ఎన్నింటికి బయల్దేరాలి? ముందురోజు మేత ఎప్పుడు ఆపాలి? నీళ్లు మాత్రం ఆపను. 2001 నాటి కబేళా నియమాల్లో కోతకు ముందు 24 గంటల విశ్రాంతి అని ఉంది కదా, ఆ రాత్రి వాటి దగ్గర మనిషి ఉండనిస్తారా? ఒక పొట్టేలు మిగతావాటిని కుమ్ముతుంది, బండిలో మధ్యన అడ్డు పెట్టి దాన్ని విడిగా ఉంచాలా?

స్వయంగా తీసుకెళ్లినవాళ్లు చెప్పండి.