హరికేన్ సీజన్‌కి ముందు జనరేటర్ వర్క్‌షాప్: హ్యూస్టన్ వాలంటీర్ల ప్లానింగ్

కోఆర్డినేటర్:
అందరికీ నమస్కారం. ఉగాది హడావిడి అయిపోయింది, ఇక దీని మీద పడదాం. హరికేన్ సీజన్ మొదలయ్యేది జూన్ 1న అయినా, వర్క్‌షాప్ మాత్రం ఏప్రిల్ మూడో శనివారమే పెట్టేద్దాం. ఎందుకంటే టెక్సస్‌లో ఏప్రిల్ ఆఖరి సోమవారంతో ముగిసే మూడు రోజులు అత్యవసర సామాన్లకి సేల్స్ టాక్స్ ఉండదు. 3,000 డాలర్ల లోపు పోర్టబుల్ జనరేటర్లు, 75 డాలర్ల లోపు కార్బన్ మోనాక్సైడ్ అలారంలు అందులోకి వస్తాయి. మన దగ్గర టాక్స్ 8.25 శాతం కాబట్టి వెయ్యి డాలర్ల మెషీన్ మీద 82 డాలర్లు మిగులుతాయి. 2024 జూలై 8న హరికేన్ బెరిల్ వచ్చి 22 లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయింది. ఆ వారంలో జనరేటర్ కోసం తిరిగినవాళ్ళకి ఎందుకు తొందరపడుతున్నానో చెప్పక్కర్లేదు.

కేటీ (హ్యూస్టన్ శివారు) నుంచి:
అన్నా, చాలామంది అడిగేది ఒక్కటే: "ఇల్లంతా నడవాలంటే ఎన్ని వాట్లు?" ముందు ఈ ప్రశ్ననే మార్పించాలి. ఫ్రిజ్ నడిచేటప్పుడు 150, 200 వాట్లే తీసుకుంటుంది. స్టార్ట్ అయ్యే క్షణంలో మాత్రం వెయ్యి దాకా లాగొచ్చు. చిన్న విండో ఏసీకి 500, వైఫై, ఫోన్లు, రెండు ఫ్యాన్లు కలిపి ఇంకో 200. అంటే 2,000 వాట్ల ఇన్వర్టర్ జనరేటర్ (లోడును బట్టి ఇంజను వేగం మార్చుకునే రకం)తో ఒక బెడ్‌రూమ్, ఫ్రిజ్ గడిచిపోతాయి. అమ్మానాన్న ఇండియా నుంచి వచ్చి ఉంటే ఆ గదిలోనే పడుకోబెట్టొచ్చు, ఇన్సులిన్ ఫ్రిజ్‌లో భద్రంగా ఉంటుంది. సెంట్రల్ ఏసీ నడవాల్సిందే అంటే లెక్క వేరు. నేచురల్ గ్యాస్ మీద నడిచే స్టాండ్‌బై జనరేటర్ (ఇంటి బయట శాశ్వతంగా బిగించేది) పెట్టించుకోవాలి, ఫిట్టింగ్‌తో కలిపి పది వేల డాలర్లు దాటుతుంది. దాని మీద పది నిమిషాలకు మించి మాట్లాడొద్దని నా మాట.

పేర్‌ల్యాండ్ నుంచి:
వాట్లు సరే, ఇంధనం సంగతి? అసలు కష్టం అక్కడే కదండీ. 5,000 వాట్ల మెషీన్ సగం లోడు మీద గంటకి అర గ్యాలన్ దాకా పెట్రోలు తాగుతుంది, రోజుకి పన్నెండు గ్యాలన్లు. కరెంటు లేకపోతే బంకులో పంపు కూడా పనిచేయదు. పోనీ ముందే దాచుకుందామంటే, ఇథనాల్ కలిసిన పెట్రోలు కొన్ని నెలల్లోనే పాడై కార్బురేటర్‌ని పట్టేస్తుంది. పెట్రోలు త్వరగా చెడకుండా వేసే స్టెబిలైజర్ ద్రావణం కలిపినా సీజన్ దాటాక కారులో పోసేసుకోవడమే మంచిది. డబ్బాలు ఇంట్లో వద్దు. గరాజ్‌లో గ్యాస్ వాటర్ హీటర్ ఉంటే అక్కడా వద్దు.

అందుకే నా ఓటు పెట్రోలు, ప్రొపేన్ రెండింటి మీదా నడిచే డ్యూయల్ ఫ్యూయల్ జనరేటర్‌కి. ప్రొపేన్ ఎన్నేళ్ళున్నా చెడిపోదు. గ్రిల్ సిలిండర్లు చాలామంది ఇళ్ళలో ఎలాగూ ఉంటాయి. 20 పౌండ్ల సిలిండర్ అదే 5,000 వాట్ల మెషీన్‌కి సగం లోడు మీద 8, 9 గంటలు వస్తుంది. పవర్ మాత్రం పెట్రోలు కంటే పదో వంతు తగ్గుతుంది.

కొత్త వాలంటీర్, సైప్రెస్:
ఒక సందేహమండీ. వాన పడుతుంటే గరాజ్‌లో పెట్టి తలుపు సగం ఎత్తి నడపొచ్చా? మా వీధిలో ఒకాయన అలాగే చేస్తారు.

కోఆర్డినేటర్:
వద్దమ్మా, తలుపు పూర్తిగా ఎత్తినా వద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. 2021 ఫిబ్రవరి చలిలో మన హ్యూస్టన్‌లోనే ఈ వాయువుతో ప్రాణాలు పోయాయి. ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో, పొగ గొట్టం ఇంటికి అవతలి వైపుకి తిప్పి పెట్టాలి. వానకి జనరేటర్ మీద వేసే ప్రత్యేకమైన టెంట్లు దొరుకుతాయి. ఆయనకి కూడా చెప్పు, మొహమాటపడకు. ఈ ప్రశ్ననే వర్క్‌షాప్‌లో మొదటి అంశంగా పెడుతున్నాను.

షుగర్‌ల్యాండ్ నుంచి:
రెండో అంశం నాది: రెండు చివర్లా ప్లగ్గులున్న కేబుల్ తెచ్చి జనరేటర్ నుంచి ఇంటి డ్రయ్యర్ సాకెట్‌లో గుచ్చడం. ఆ కరెంటు వెనక్కి లైన్‌లోకి పోతే స్తంభం మీద పనిచేసేవాళ్ళు చచ్చిపోతారు. ఇన్‌లెట్ బాక్స్ (జనరేటర్ తీగ గుచ్చే పెట్టె), ఇంటర్‌లాక్ (లైను కరెంటు, జనరేటర్ కరెంటు ఒకేసారి కలవనివ్వని బిగింపు) పెట్టించుకోవాలి, అదీ లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేత, పర్మిట్‌తో. మనవాళ్ళలో ఒక ఎలక్ట్రికల్ ఇంజనీర్ వచ్చి బోర్డు మీద గీసి చూపిస్తానన్నారు.

ఫుడ్ కమిటీ:
అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్ళని మర్చిపోయారు. బాల్కనీలో జనరేటర్ నడపకూడదు కదా. బ్యాటరీ పవర్ స్టేషన్ (ముందే చార్జ్ చేసి పెట్టుకునే పెద్ద బ్యాటరీ పెట్టె) ఒకటి తెచ్చి, దాని మీద రౌటర్, మినీ ఫ్రిజ్ నడిపి చూపించండి. టిఫిన్ ఉప్మా, మజ్జిగ చాలు. ఇడ్లీ అడగొద్దు, నేను కూడా వినాలి.

కోఆర్డినేటర్:
అలాగే అక్కా. డెమోని హాలు బయట పార్కింగ్ లాట్ చివర్లో పెడదాం, హాలు వాళ్ళ అనుమతి నేను అడుగుతాను. ఇంకా కావలసినవి: డ్యూయల్ ఫ్యూయల్ మెషీన్ ఒకటి, 12 గేజ్ (మందపాటి) ఎక్స్‌టెన్షన్ తీగలు రెండు, నిండు ప్రొపేన్ సిలిండర్. పెట్రోలు నింపిన డబ్బా ఎవరూ కార్లో తేవద్దు, డెమో ప్రొపేన్ మీదే. ఎవరు ఏది తెస్తారో శుక్రవారం లోపు ఇక్కడే రాయండి.