మావారి పేరిట ఉన్న కారుకు నా పేరిట ఇన్సూరెన్సు తీసుకోవచ్చునా?

ప్రశ్న:

మేము కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉంటున్నాము. ఇంట్లో ఉన్న ఒకే కారుకు టైటిల్ (యాజమాన్య పత్రం)‌లోనూ రిజిస్ట్రేషన్‌లోనూ మావారి పేరు మాత్రమే ఉంది. గడచిన రెండేళ్లలో ఆయనకు రెండు స్పీడింగ్ టికెట్లు వచ్చాయి; వాటికి తోడు ఆయన తప్పు వల్ల ఒక ప్రమాదం కూడా జరిగింది, అయితే అదృష్టవశాత్తు ఎవరికీ గాయాలు కాలేదు. ఈసారి రెన్యువల్‌లో ప్రీమియం దాదాపు రెట్టింపయింది. నాకు ఆరేళ్లుగా ఒక్క టికెట్టూ లేదు. ఆయన రైల్లో ఆఫీసుకు వెళ్తారు కనుక కారు ఎక్కువగా నడిపేది నేనే. ఆయన పేరు చెప్పకుండా పాలసీ నా పేరిట తీసుకోమని ఒక స్నేహితురాలు సలహా ఇచ్చింది గానీ, నాకు మనసొప్పడం లేదు. సరైన మార్గం ఏదైనా ఉంటే దయచేసి చెప్పండి.

మొదటి సమాధానం:

మీ మనసు చెప్పినదే సరైనదండీ, ఆయన పేరు దాచకండి. లైసెన్సు ఉండి ఒకే ఇంట్లో ఉంటున్న పెద్దలందరి వివరాలూ దరఖాస్తులో అడుగుతారు. ఆ వివరం దాచినట్లు తేలితే, కంపెనీ క్లెయిమ్‌ను నిరాకరించడమే కాక, పాలసీని మొదటినుంచీ చెల్లనిదిగా రద్దు చేసే అవకాశం కూడా చట్టంలో ఉంది. పైగా ఇక్కడి సాధారణ పాలసీల్లో ‘మీరు’ అనే మాటకు అర్థమే పాలసీదారు, ఆమెతో కలిసి ఉంటున్న జీవిత భాగస్వామి అని రాసి ఉంటుంది. కాబట్టి పాలసీ ఎవరి పేరిట ఉన్నా ఆయన రికార్డు లెక్కలోకి వస్తుంది. టైటిల్‌లో మీ పేరు చేర్పించుకోవడం వేరే సంగతి, అది నిక్షేపంగా చేయవచ్చు. భార్యాభర్తల మధ్య మార్పుకు పన్ను గానీ స్మాగ్ (కారు పొగ) పరీక్ష గానీ అవసరం ఉండదు. కారుపై అప్పు ఉంటే మాత్రం అప్పిచ్చినవారి అంగీకారం కావాలి.

రెండవ సమాధానం:

ఆయనను పాలసీ నుంచి రాతపూర్వకంగా మినహాయించే పద్ధతి కాలిఫోర్నియాలో ఉంది, ప్రీమియం కూడా తగ్గుతుంది. కానీ సంతకం చేసే ముందు బాగా ఆలోచించండి. మినహాయించిన మనిషి ఆ కారు నడిపితే, ఒక్క రాత్రి మిమ్మల్ని ఆసుపత్రికి తీసుకువెళ్లడానికి నడిపినా సరే, ప్రమాదం జరిగినప్పుడు ఎదుటివారి నష్టానికి కూడా పాలసీ ఒక్క డాలరు చెల్లించదు, ఆ భారం మీ ఇద్దరి ఉమ్మడి ఆస్తిమీద పడుతుంది. ఇంట్లో ఒకే కారు ఉన్న దంపతులకు ఇది తగిన మార్గమని నేను అనుకోను.

మూడవ సమాధానం:

రెండవ టికెట్టు కోర్టులో ఇంకా పరిష్కారం కాకుండా ఉందా? మొదటి టికెట్టుకు ఆయన ట్రాఫిక్ స్కూలు (టికెట్టు పడ్డవారికి డ్రైవింగ్ నియమాలు నేర్పే కోర్సు) తీసుకున్నారా? 18 నెలలకు ఒకసారి ఆ అవకాశం ఉంటుంది. అది పూర్తి చేస్తే ఆ టికెట్టు పాయింటు (టికెట్టుకు గానీ, తన తప్పు వల్ల జరిగిన ప్రమాదానికి గానీ డ్రైవరు రికార్డులో పడే లెక్క) ఇన్సూరెన్సు కంపెనీకి కనిపించదు. 1988లో కాలిఫోర్నియా ఓటర్లు ఆమోదించిన ఇన్సూరెన్సు చట్టం, ప్రతిపాదన 103 ప్రకారం, మూడేళ్లలో ఒక పాయింటు మించని డ్రైవరుకు 20 శాతం మంచి డ్రైవరు తగ్గింపు ఇవ్వాలి కనుక, మీకు ప్రతి పాయింటూ ముఖ్యమే.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ కృతజ్ఞతలు. మొదటి టికెట్టుకు ఆయన జరిమానా కట్టేసి ఊరుకున్నారు. రెండవదానికి కోర్టు గడువు ఇంకా మూడు వారాలుంది, పరిమితికి 12 మైళ్లు మాత్రమే మించింది కనుక ట్రాఫిక్ స్కూలుకు అర్హత ఉంటుందనుకుంటాను. అది పూర్తయితే ఆయన లెక్కలో మొదటి టికెట్టు, ప్రమాదం మాత్రమే మిగులుతాయి. ఆ మొదటి టికెట్టుకు ఇప్పటికి 22 నెలలు నిండాయి, మరో 14 నెలలకు ఒకే పాయింటు మిగులుతుంది. అప్పటిదాకా ఆయన పేరు పాలసీలోనే ఉంచి, నన్ను ప్రధాన డ్రైవరుగా చూపి, ఆయన నడిపే మైళ్లు ఎంత తక్కువో నిజాయితీగా రాసి, మరో మూడు కంపెనీల ధరలు కనుక్కుంటాము. ట్రాఫిక్ స్కూలుకు ఈ రాత్రే ఆయన చేత దరఖాస్తు చేయిస్తున్నాను.